నీలం పీచు

ఆ ఏడు ఎడారి గాలి ఇంకా తగ్గనే లేదు. పొద్దున్నే మేడ మీద దుమ్ము ఊడ్చి బట్టలారేస్తున్నాను. నా కాళ్ళ దగ్గర ధబ్బుమని ఏదో పడింది. చూస్తే పావురం. మా తమ్ముడు షాకిర్ మూడేళ్ళుగా పెంచుకుంటున్న తెల్లది. మెడ పూర్తిగా వెనక్కి తిరిగిపోయి ఉంది, కళ్ళు ఇంకా మూతపడలేదు. తలెత్తాను. సందుకి అవతల, ఎదుటి మేడ మీద మన్సీ మేస్త్రీ చేతులు దులుపుకుంటున్నాడు.

"మీ తమ్ముడికి చెప్పు వహీబా," అన్నాడు, మర్యాదగానే. "నిన్న సాయంత్రం వచ్చి నా గుంపులో దిగింది. పంతం పంతమేగా."

"పంతమే బాబాయ్," అన్నాను. ఇంకేమంటాను?

అలెగ్జాండ్రియాలో ఓడలు కట్టే రేవు వెనకాల మా బహరీ పేట. ఇక్కడ మేడ ఉన్న ప్రతివాడికీ దాని మీద పావురాల కోసం ఇంకో కొయ్యమేడ ఉంటుంది. సాయంత్రం ఎవడి గుంపు వాడు ఎగరేస్తాడు. ఎదుటివాడి గుంపులోంచి ఒకటో రెండో తప్పించి తన కప్పు మీదికి దింపుకోవడమే ఆట. రాజీ మీద ఆడితే దొరికిన పిట్టని మర్నాడు తిరిగిచ్చేసి టీ తాగొస్తారు. పంతం మీద ఆడితే మెడ తిప్పి సొంతదారు కప్పు మీదికి విసిరేస్తారు. మా నాన్న ఉన్నన్నాళ్ళూ మా రెండిళ్ళ మధ్యా రాజీయే. ఆయన పోయాక ఎవరిదో పెళ్ళిలో మాటా మాటా పెరిగితే మా వాడే పంతం అనేశాడు. వాడికి ఇరవయ్యారేళ్ళు. రేవులో ఓడ పలకల సందుల్లో ఉలితో నార దట్టించే పని. చేతిలో ఎప్పుడూ ఆ వెడల్పాటి ఉలి, ముక్కు మీద ఎప్పుడూ కోపం.

తెల్లదాన్ని గుడ్డలో చుట్టి సముద్రంలో వేసొచ్చాడు. నాలుగో రోజున మన్సీ వాళ్ళ మచ్చలది మా కప్పు మీద దిగింది. వాడు నా ఎదురుగానే దాని మెడ తిప్పాడు. వేరుశనక్కాయ వలిస్తే వచ్చేంత చిన్న చప్పుడు.

"అన్నం తినే చేత్తోనేనట్రా అది?" అన్నాను.

"ఏం, నువ్వు కోడిని కొయ్యవా?"

"కోడి మీద నాకు కోపం ఉండదు కదరా."

వాడు దాన్ని సందు దాటించి విసిరాడు.

నేను మొగుడు వదిలేస్తే పుట్టింటికి తిరిగొచ్చినదాన్ని. పెళ్ళికూతుళ్ళ సామానులో పెట్టే క్రోషా గుడ్డలు అల్లేదాన్ని. మిషను లేసు వచ్చాక నా అల్లిక ఎవరికి కావాలి? చేతులు ఖాళీగా ఉంటే నాకు పిచ్చెక్కుతుంది. ఆ వసంతంలో పావురాలు గుడ్లు పెట్టే మట్టి మూకుళ్ళు రెండు గాలికి పడి పగిలాయి, గుడ్లతో సహా. షాకిర్ బూతులు తిట్టుకుంటుంటే, "తాడు తెచ్చిపెట్టు, పగలని గూడు నేను అల్లిస్తా" అన్నాను.

"తాడుతో క్రోషానా? పావురాలు నవ్విపోతాయే అక్కా!"

"నవ్వితే నవ్వనీ. ముందు నువ్వు తే."

అంత లావు తాడుకి ఇనప కొక్కెం ఎక్కడ దొరుకుతుంది? విరిగిన తెడ్డు చెక్కతో వాడే ఒకటి చెక్కిచ్చాడు, నా బొటనవేలంత లావుది. జనపనార తాడు ఒక చుట్ట తెచ్చాడు. మొదటిది అల్లితే రొట్టెలా పరుచుకుపోయింది, గుడ్డు పెడితే దొర్లిపోయింది. రెండోది బిగించి అల్లితే టోపీలా ముడుచుకుంది. షాకిర్ దాన్ని నెత్తిన పెట్టుకుని సందులోకి తొంగిచూసి సలాం కొట్టాడు. ఎదుటి మేడ మీద మన్సీ కొడుకు యుస్రీ కూడా నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు. మూడోదానికి కిటుకు దొరికింది. మూడు వరసల వరకూ కుట్లు పెంచుతూ వెళ్ళాలి, ఆ తర్వాత పెంచకూడదు, తాడు ఒక్క గుంజు గుంజి బిగించాలి. అప్పుడు అంచు తనంతట తనే లేస్తుంది. అరచేతులు రెండూ కలిపి పట్టినంత లోతు.

బాగుందో లేదో చెప్పాల్సింది నేను కాదు, పెట్ట. గిన్నెలో దిగి, రొమ్ము ఆనించి గుండ్రంగా ఒక చుట్టు తిరుగుతుంది. గరుకు తగిలితే కాలితో తన్ని బయటికొచ్చేస్తుంది. నచ్చితే కూర్చుని గొంతులో గురగురమంటుంది. అలా వాటిని చూస్తూ చూస్తూ నాకు పావురాల సంగతి పట్టుబడింది. మధ్యాహ్నమంతా పోతు పొదుగుతుంది, సాయంత్రం నుంచి తెల్లారేదాకా పెట్ట. పదిహేడో రోజుకి గుడ్డు చిట్లుతుంది. పిల్లలకి తల్లీ తండ్రీ ఇద్దరూ గొంతులోంచి పాలలాంటిది దించి పోస్తారు. నా మాజీ మొగుడికి ఈ బుద్ధి ఏ దేవుడూ ఇవ్వలేదు. పుట్టిన గూడు తప్ప వాటికి వేరే ఇల్లు లేదు. కైరో తీసుకెళ్ళి వదిలినా సాయంత్రానికి మన కప్పు మీదే ఉంటాయి.

పది గిన్నెలయ్యాక షాకిర్ ఒక జతని తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. పోతు గోధుమరంగు, పెట్ట తెల్లగా ఉండి రెక్కల కొసలు మాత్రం బూడిదరంగు. "ఇవి నీవి," అన్నాడు. మళ్ళీ సందులోకి తిరిగి అందరికీ వినపడేట్టు అరిచాడు. "వినండ్రోయ్! మా అక్క కూడా పావురాలదైంది! ఇవ్వాళ్టి నుంచి ఈవిడ సాక్ష్యం కూడా చెల్లదు!"

సందంతా నవ్వింది. మా పేటలో అదొక కట్టు. పావురాలు పెంచేవాడి సాక్ష్యం ఏ పంచాయితీలోనూ తీసుకోరు. పిట్ట కోసం ఎంత పెద్ద ఒట్టయినా వేసేస్తాడని. నేనూ నవ్వాను. జతకి జీలకర్ర, చక్కెర అని పేర్లు పెట్టుకున్నాను. ముప్పై నాలుగేళ్ళకి, ఇది నాది అనుకోడానికి ప్రాణం ఉన్నది ఏదైనా దొరకడం అదే మొదలు.

జనపనార అయిపోయింది. షాకిర్ రేవులో పారేసిన నీలం నైలాన్ తాడు ముక్కలు సంచీలకొద్దీ తెచ్చాడు. నున్నగా, గట్టిగా, సముద్రం రంగులో ఉండేది. అల్లితే ఎంత అందమో! పాత గిన్నెలన్నీ తీసేసి కొయ్యమేడ నిండా నీలం గిన్నెలు పెట్టాను. మేడకి మేడే పండగ ముస్తాబులా కనిపించేది. మిగిలిన ముక్కలూ పోగులూ కప్పు మూలకి ఊడ్చేసేదాన్ని. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ ఎండలో నైలాన్ ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించలేదు, చూడండి!

జూన్ నెల మొదట్లో షాకిర్ పందెం పెట్ట కుంటుతూ దిగింది. పట్టుకుని చూస్తే కాలి వేలికి తలవెంట్రుకంత సన్నని నీలం పోగు చుట్టుకుపోయి ఉంది. మాంసంలోకి కోసుకుపోయింది. వేలు నల్లబడి, ముట్టుకుంటే ఊడి వాడి చేతిలోకి వచ్చేసింది.

వాడు ఆ వేలిని అలా చూస్తూ నిలబడ్డాడు.

"ఉచ్చు," అన్నాడు. "మన్సీ గాడు ఉచ్చులేస్తున్నాడు అక్కా."

మెడ తిప్పడం మా పేటలో తప్పు కాదు. ఉచ్చు వెయ్యడం తప్పు. ఎగిరేదాన్ని ఎగరేసి గెలవాలి గాని కాలు పట్టి లాక్కోవడం దొంగల పని. అంతకంటే నీచం మావాళ్ళకి తెలీదు. నేను నిజం చెబుతున్నా, ఆ రోజు నాకూ అది నిజమే అనిపించింది. పైగా, "ఛీ, ఇంతకి దిగజారాడా మేస్త్రీ!" అన్నాను. నిప్పు మీద నెయ్యి పోశాను.

రెండ్రోజులు కాలేదు, ఎదుటి మేడ మీద నుంచి మన్సీ మేస్త్రీ కేక. చేతిలో ఒక నల్ల పావురం, దాని రెండు కాళ్ళూ కలిపి నీలం పోగుతో బిగుసుకుపోయి ఉన్నాయి.

"ఒరేయ్ షాకిర్! మీ నాన్న మగాడురా! ఆయన కడుపున ఉచ్చులేసే వెధవ ఎలా పుట్టావురా?"

"నువ్వేసి నన్నంటావేంట్రా ముసలి నక్కా!"

ముసలి నక్క అన్నాక ఇంక మాటలేం మిగిలాయి? ఆ వారంలో షాకిర్ వాళ్ళవి ఏడు దింపాడు. ఏడింటి మెడలూ తిప్పి, ఒకే తాడుకి గుచ్చి, వాళ్ళ వీధి తలుపుకి తోరణం కట్టాడు. పొద్దున తలుపు తీసిన యుస్రీ వాళ్ళమ్మ నఫూసా పిన్ని మొహానికి తగిలాయట అవి. పిన్ని తాలింపు వేస్తే ఘాటు మా ఇంట్లోకి వచ్చేంత దగ్గర. ఆ రోజు ఆమె ఏడుపు వచ్చింది.

శుక్రవారం మిట్టమధ్యాహ్నం, మగాళ్ళంతా నమాజులో ఉండగా, ఎదుటి మేడ మీద నుంచి కిరసనాయిల్ గుడ్డలు మూడు కాలుతూ మా కొయ్యమేడ మీద వచ్చి పడ్డాయి. విసిరింది యుస్రీయే, నేను కళ్ళారా చూశాను. ఎండిన కొయ్య భగ్గుమంది. నీళ్ళు మోసే లోపల సగం మేడ కూలిపోయింది. రెక్కలు అంటుకున్న పావురాలు ఎగిరి, గాల్లోనే మండి, సందులో పడ్డాయి. పదకొండు పోయాయి. నా జత పెట్టె మెట్ల పక్క గోడకి విడిగా ఉండేది కాబట్టి బతికింది. పొగలో కూడా జీలకర్ర గుడ్ల మీద నుంచి లేవలేదు. షాకిర్ బూడిదలో మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో కళేబరమే ఏరాడు. ఏడవలేదు. వాడు ఏడ్చి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

మర్నాడు శనివారం, చేపల బజారుకి వెళ్ళాను. మసీదు ముందు మెట్ల మీద వీధి పావురాలు ఎప్పుడూ వందలుంటాయి. ఎవరివీ కావవి. ఎవడూ ఎగరెయ్యడు, ఎవడూ పట్టడు. ఆ రోజెందుకో వాటి కాళ్ళకేసి చూశాను.

ఒకటి కుంటుతోంది. ఇంకోదానికి పాదమే లేదు, మొండి. మూడోదాన్ని ఇట్టే పట్టేసుకున్నాను, అది సరిగ్గా నడవలేకపోతోంది. వేళ్ళ చుట్టూ నీలం పీచు. మెట్ల మీదే కూర్చుని గోళ్ళతో విప్పాను. ఒక పోగు, లోపల ఇంకా సన్నని పోగు. ఆ మెలిక నాకు తెలుసు. వెయ్యిసార్లు నా కొక్కెం మీదుగా జారిన మెలిక అది.

ఎవరివీ కాని వీధి పావురాలకి ఉచ్చు ఎవడేస్తాడు?

ఇంటికి పరిగెత్తి మేడెక్కాను. మూలకి ఊడ్చిన ముక్కలు చేత్తో తీస్తే చేతిలోనే పిండయ్యాయి. ఎండకి నైలాన్ చివికి, ముట్టుకుంటే చాలు వెంట్రుకల్లా రేగుతోంది. పావురానికి పుల్ల దొరికితే పుల్ల, పోగు దొరికితే పోగు, గూటికి మోసుకుపోవడమే తెలుసు. మా పావురాలు మోశాయి, మన్సీ పావురాలు మోశాయి, మసీదు పావురాలూ మోశాయి. ఉచ్చు వేసింది నేను. నా ఈ రెండు చేతులూ.

చెప్పాలనే కిందికి దిగాను. షాకిర్ గడపలో కూర్చుని ఆ ఉలికి నూనెరాయి మీద పదును పెడుతున్నాడు. తలెత్తి, "ఏంటే?" అన్నాడు.

"ఏం లేదు. బీన్సు వండాను, తిందువు గాని రా," అన్నాను.

అదీ నా ధైర్యం. చెబితే ఏమవుతుంది? ఆ తాడూ, ఆ కొక్కెమూ సముద్రంలోకి పోతాయి. పదకొండు పిట్టల ఉసురు నా మెడకి చుట్టుకుంటుంది. మళ్ళీ నేను మొగుడు వదిలేసిన వహీబాని, ఓ మూలన కూర్చునేదాన్ని. చెప్పకపోతే నాలుగు రోజులకి అదే చల్లారుతుందిలే అనుకున్నాను. గుట్టుచప్పుడు కాకుండా ముక్కలన్నీ సంచీలో కుక్కి రేవులో పారేశాను. మిగిలిన నీలం గిన్నెలు, కాలిపోయాయని చెప్పి అవీ పారేశాను. ఒక్కటి మాత్రం ఉంచాల్సి వచ్చింది, చక్కెర కింద ఉన్నది. గుడ్లకి అది పదకొండో రోజు. కదిపితే లేచిపోతుందని ముట్టుకోలేదు. గోరుతో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం అంటారు కదా, అదే చేశాను.

మంగళవారం మధ్యాహ్నం మేడ మీద చప్పుడైతే వెళ్ళాను. యుస్రీ. పక్కిళ్ళ కప్పుల మీదుగా దాటొచ్చాడు. ఇరవై ఏళ్ళ పిల్లాడు, మొహం పాలిపోయి ఉంది. చేతిలో నీలం పోగు.

"అక్కా, అరవకు," అన్నాడు. "కొట్లాటకి రాలేదు. కాల్చింది నేనే, నాకు నిద్ర పట్టట్లేదు. కానీ ఇది చూడు. ఉచ్చయితే ముడి ఉండాలిగా? దీనికి ముడి లేదు. ఊరికే చుట్టుకుంది. నువ్వు నీలం తాడుతో అల్లుతావు కదా అక్కా?"

నేను ఆ పోగుకేసి చూశాను.

వాడు నా జత పెట్టె దగ్గరికెళ్ళి వంగాడు. జీలకర్ర పొదుగుతున్నాడు, మెల్లిగా ముక్కుతో పొడిచాడు. యుస్రీ వాడి రొమ్ము కిందికి చెయ్యి పోనిచ్చి గిన్నె అంచు తడిమాడు. వేళ్ళకి అంటుకుని నాలుగు నీలం పీచులు వచ్చాయి. వెనక్కి తిరిగి నాకేసి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. "ఇదేనా అక్కా?" అన్నాడు.

అవును అనడానికి ఎంతసేపు పడుతుంది? ఒక్క రెప్పపాటు. నేను ఆ రెప్పపాటు ఆగాను.

మెట్ల మీద షాకిర్ వచ్చేశాడు. వాడికి కనపడిందల్లా తన అక్క పెట్టెలో మన్సీ కొడుకు చెయ్యి, వేళ్ళ మధ్య నీలం పోగు.

"దొరికావురా దొంగా!"

"ఒరేయ్ ఆగు!" అన్నాను. అప్పటికే ఉలి దిగిపోయింది. యుస్రీ చెయ్యి పెట్టె అంచు మీద ఉంది. చెక్క మీద ఠప్పుమని చప్పుడైంది, అంతే. చూపుడు వేలూ మధ్యవేలూ కింద పడ్డాయి. యుస్రీ అరవలేదు, ఆశ్చర్యంగా చేతికేసి చూసుకున్నాడు. తర్వాత గోడకి జారిపోయాడు. రక్తం గిన్నె మీద చింది నీలం నల్లబడింది. జీలకర్ర రెక్కలు టపటపలాడించి మళ్ళీ గుడ్ల మీదే కూర్చున్నాడు. నేను ముసుగు గుడ్డ చింపి కట్టు కట్టాను. మెట్ల మీద నఫూసా పిన్ని కేకలు. "నా బిడ్డ చెయ్యి! నా బిడ్డ చెయ్యి!"

వేళ్ళు అతకలేదు.

బుధవారానికి మన్సీ అన్నదమ్ముల కొడుకులు ఏడుగురు సందు రెండు చివర్లా కుర్చీలేసుకుని కూర్చున్నారు. చేతుల్లో ఏమున్నాయో దాచను కూడా లేదు. శనివారం తెల్లారేలోపు రెండు వేళ్ళకి ఒక తల తీసుకుంటామని కబురు. చేపల వేలంపాట పాడే పెద్దాయన హాజీ అత్వా అడ్డం పడ్డాడు. శుక్రవారం సాయంత్రపు అసర్ నమాజయ్యాక పంచాయితీ, అప్పటిదాకా ఎవడూ కదలకూడదన్నాడు. తేల్చాల్సింది ఒకటే. యుస్రీ ఉచ్చు వెయ్యడానికొస్తే దొంగ చెయ్యి తెగింది, షాకిర్ మీద తప్పు లేదు. ఉచ్చు వెయ్యడానికి కాకపోతే, షాకిర్ తన కఫన్, అంటే శవానికి చుట్టే తెల్లగుడ్డ, తనే రెండు చేతులా పట్టుకుని, చెప్పుల్లేకుండా మన్సీ గడపకి నడవాలి. చంపితే చంపు, క్షమిస్తే క్షమించు అనాలి.

"నేను కఫన్ మోస్తానా? ఆ నక్క గడపకా? దానికంటే చావే నయం," అన్నాడు షాకిర్. తర్వాత నాకేసి తిరిగాడు. "నువ్వు ఉన్నావుగా అక్కా అక్కడ. వాడి చేతిలో ఉచ్చు చూశానని చెప్పు. నీ జత నాదేనంటాను, నీ సాక్ష్యం చెల్లుతుంది."

"చెబితే ఆ ఏడుగురూ నమ్ముతారా?"

"నమ్మకపోతే పోయారు. నా అక్కవి నువ్వు నా వైపు చెప్పవా?"

వాడి అన్నం గిన్నెలో ఇంకో గరిటె వేశాను.

శుక్రవారం వేలంపాకలో పేట పేటంతా చేరింది. చేపల వాసన, చెమట వాసన. యుస్రీ చేతికి తెల్లకట్టుతో తండ్రి పక్కన కూర్చున్నాడు. హాజీ అత్వా ముందు యుస్రీని అడిగాడు. వాడు ఉన్నదున్నట్టు చెప్పాడు: ఉచ్చు లేదు, ఆ పీచు అక్క అల్లిన గిన్నెది.

"ఇంకా నయం, పావురాలు తమకి తామే ఉరేసుకున్నాయి అన్లేదు!" అన్నాడు షాకిర్. వెనకాల నవ్వులు.

హాజీ చెయ్యెత్తాడు. "నవ్వకండి. యుస్రీ, నువ్వు పావురాలవాడివి. నీ మాట తీసుకోను. షాకిర్, నీ మాటా తీసుకోను. మేస్త్రీ, ఖురాను మీద చెయ్యేసినా నీదీ తీసుకోను. పిట్ట లేనివాళ్ళెవరైనా చూశారా?"

నేను ఆడవాళ్ళ వరసలోంచి లేచాను. షాకిర్ మొహం వెలిగింది, పాపం.

"నా జతే అది, ఊరికే అక్క పేరు చెప్పాను," అన్నాడు గబగబా.

"అబద్ధం!" మన్సీ మేస్త్రీ లేచాడు. "సందంతా వినేట్టు వీడే అరిచాడు, అక్కకిచ్చానని. ఆమె పావురాలది. చెల్లదంటే ఎవరిదీ చెల్లకూడదు హాజీ గారూ!"

"అవునమ్మా వహీబా?" అన్నాడు హాజీ.

"అవును, నావే. వదులుకుంటే చెల్లుతుందా?"

హాజీ తటపటాయించాడు. వెనకాల ఎవడో, "ఎలా వదులుతావు? రైలెక్కించినా రేపు మీ మేడ మీదే ఉంటాయి!" అన్నాడు. మళ్ళీ నవ్వులు. వాడన్నది నిజమే. పావురాన్ని వదులుకునే దారి ఒక్కటే, అది ఆ వేసవంతా రోజూ చూశాను.

"ఒక్క పావుగంట కూర్చోండి," అన్నాను.

మేడెక్కాను. అది పదిహేడో రోజు. సాయంత్రం కావస్తోంది, జీలకర్ర దిగి చక్కెర కూర్చునే వేళ, రెండూ పెట్టె దగ్గరే ఉన్నాయి. నన్ను చూసి బెదరలేదు. చేతిలోకి తీసుకుంటే చక్కెర గుండె నా వేళ్ళకి కొట్టుకుంది. షాకిర్ ఎలా పట్టుకునేవాడో అలాగే పట్టుకున్నాను. వేరుశనక్కాయ చప్పుడు. మళ్ళీ ఇంకోసారి. జీలకర్ర రెక్క చాలాసేపు కొట్టుకుంది, కొట్టుకోవడం ఆగేదాకా ఒళ్ళో పెట్టుకున్నాను. గుడ్లని పాత జనపనార గిన్నె ఒకటి వెతికి అందులో పెట్టి పైన దూది కప్పాను. నీలం గిన్నె పట్టుకుని దిగాను.

హాజీ ముందు, చేపలు తూచే బల్ల మీద, రెండింటినీ పక్కపక్కన పడుకోబెట్టాను.

"ఇప్పుడు నా కప్పు మీద నాదంటూ ఒక్క రెక్క లేదు," అన్నాను. "ఇంక నా మాట రాసుకోండి."

నెత్తురు మరకల గిన్నె బల్ల మీద పెట్టి, అంచు మీద అరచేత్తో ఒక్కసారి రుద్దాను. చేతి నిండా నీలం పీచు లేచింది. ఆ చెయ్యి హాజీకి చూపించాను, మేస్త్రీకి చూపించాను, చివర్న మా తమ్ముడికి చూపించాను. మసీదు మెట్ల పావురాల సంగతి చెప్పాను. ఉచ్చు ఎవరూ వెయ్యలేదని చెప్పాను. శనివారమే తెలిసి, ఇవ్వాళ్టి దాకా నోరు మూసుకున్నానని కూడా చెప్పాను. యుస్రీ చేతిలో ఉచ్చు లేదు, అడగడానికొచ్చాడు, నేను జవాబు ఇవ్వలేదు.

"అక్కా!" అన్నాడు షాకిర్. ఒక్కసారే. అలా నన్ను వాడెప్పుడూ పిలవలేదు.

తీర్పు చెప్పడానికి హాజీకి ఎక్కువసేపు పట్టలేదు. రేపు పొద్దున కఫన్. ఆ తర్వాత రెండిళ్ళ మధ్యా రాజీ.

ఇంటికొచ్చి మేడ మీద కూలబడ్డాను. కాసేపటికి మెట్ల మీద అడుగులు. ఈసారి కప్పుల మీదుగా కాదు, వీధి తలుపులోంచి వచ్చాడు యుస్రీ.

"అక్కా, గుడ్లేవి?" అన్నాడు. "ఆ రోజు చెయ్యి పెట్టినప్పుడు వెచ్చగా తగిలాయి."

దూది తీసి చూపించాను. ఒకటి చల్లబడిపోయింది. రెండోదాని మీద సన్నని బీట, లోపల్నుంచి ముక్కు టిక్కు టిక్కుమంటోంది.

"మా నల్లదాని గుడ్లు మొన్న మురిగిపోయాయి. అదింకా ఖాళీ గూట్లోనే కూర్చుంటోంది. దాని కింద పెడతాను," అన్నాడు. ఎడమ చేత్తో టోపీ తీసి పట్టాడు. నేను ఆ గుడ్డుని అందులో పెట్టాను. నాకు ఏడుపు ఆగలేదు. "నన్ను తిట్టరా యుస్రీ," అన్నాను. వాడు తిట్టలేదు, మెట్ల మీద జాగ్రత్తగా దిగిపోయాడు.

మర్నాడు షాకిర్ తెల్లగుడ్డ రెండు అరచేతుల మీద పరుచుకుని నడిచాడు. సందంతా కిటికీల్లో ఉంది. ముప్పై అడుగులుండవు మా గడపకీ వాళ్ళ గడపకీ. ఆ ఏడుగురూ రెండు వైపులా నిలబడ్డారు. వాడు మోకాళ్ళ మీద కూర్చుని తల వంచి మెడ ఇచ్చాడు. మన్సీ మేస్త్రీ ఆ మెడకేసి చాలాసేపు చూశాడు. చివరికి కఫన్ తీసుకుని చంకలో పెట్టుకుని, "లేవరా. టీ తాగి పో," అన్నాడు. టీ తాగొచ్చాడు. ఇంటికొచ్చి నా తెడ్డు కొక్కెం ఉలితో రెండు ముక్కలు చేశాడు. ఆ రోజు నుంచి నాతో మాట మానేశాడు. అన్నం పెడితే తింటాడు, చొక్కా ఉతికితే తొడుక్కుంటాడు, మాట లేదు. వేసవి అలా గడిచింది. నేను విరిగిన కొక్కెంతోనే, పాత గిన్నెలు విప్పిన జనపనారతో, పడవలు ఒరుసుకోకుండా పక్కన వేలాడేసే దిళ్ళు అల్లాను. వాటి మీద ఏ పిట్టా గుడ్లు పెట్టదు కదా.

అక్టోబరులో ఒక సాయంత్రం రెండు గుంపులూ గాల్లో ఉన్నాయి. షాకిర్ సగం కట్టిన కొయ్యమేడ మీద నిలబడి, ఎదుటి పిట్టల్ని ఆశపెట్టి కిందికి దింపుకోడానికి చూపించే పెట్టని చేత్తో పట్టుకున్నాడు. మన్సీ గుంపులోంచి ఒక పడుచు పిట్ట విడిపోయింది. గోధుమరంగు, రెక్కల కొసలు బూడిద. జీలకర్ర రంగు, చక్కెర రెక్కలు. అది రెండు చుట్లు తిరిగి, నేరుగా వచ్చి మా పిట్టగోడ మీద వాలింది, షాకిర్ చెయ్యి చాపితే అందేంత దగ్గర.

వాడు పెట్టని చూపించలేదు, వీపు వెనక్కి దాచేసుకున్నాడు. వంగి ఆ పిల్ల కాళ్ళకేసి చూశాడు. అది తల అటూ ఇటూ తిప్పింది, ఇది తనిల్లు కాదని తెలుసుకుంది, టపటపమని లేచి సందు దాటి వెళ్ళిపోయింది. ఎదుటి మేడ మీద యుస్రీ మూడు వేళ్ళ చెయ్యి పైకెత్తి దాన్ని దింపుకున్నాడు.

షాకిర్ అటే చూస్తున్నాడు. నాకేసి తిరగలేదు.

"అక్కా," అన్నాడు. "వేళ్ళన్నీ ఉన్నాయి దానికి. లెక్కపెట్టాను."